పంచసూనల్లో చేరని ఋణం

గృహస్థుడి ఇంట్లో ఐదు హింసాస్థానాలు ఉంటాయనీ, వాటివల్ల అతడు కోరకపోయినా ప్రతిరోజూ కొంత పాపం అంటుతుందనీ మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. ఆ ఐదింటికీ యుద్ధంతోగానీ వేటతోగానీ సంబంధం లేదు. అవి పొయ్యి, తిరగలి, చీపురు, రోలూరోకలి, నీళ్లకుండ. పొయ్యిలో కట్టెతోపాటు పురుగు కాలుతుంది, తిరగలిలో గింజతోపాటు చిన్న ప్రాణి నలుగుతుంది, చీపురు కింద చీమ చస్తుంది. జీవహింస జరిగే చోటును సూన అంటారు కనుక వీటికి పంచసూనలని పేరు వచ్చింది. ఈ దోషం తీరడానికి ఐదు మహాయజ్ఞాలు, అంటే వేదాధ్యయనమనే బ్రహ్మయజ్ఞం, తర్పణమనే పితృయజ్ఞం, అగ్నిలో ఆహుతి ఇచ్చే దేవయజ్ఞం, మూగప్రాణులకు అన్నం పెట్టే భూతయజ్ఞం, అతిథిని ఆదరించే మనుష్యయజ్ఞం, రోజూ జరగాలని శాస్త్రం విధించింది. ఇల్లు నడవాలంటే ఏదో ఒక ప్రాణం ఎంతో కొంత ఖర్చవుతుందనీ, ఆ ఖర్చును గుర్తించి తీర్చుకోనిదే గృహస్థధర్మం నిలవదనీ ఈ విధి వెనుక ఉన్న భావన. ప్రపంచంలోని ధర్మగ్రంథాల్లో వంటింటిని ఇంత సూక్ష్మంగా చూసిన భాగాలు అరుదు.

ఆ సూక్ష్మదృష్టిలో ఒక పెద్ద లోటు కూడా ఉంది. ఆ ఐదు చోట్లా తెల్లవారకముందు నుంచి రాత్రి పొద్దుపోయేదాకా వంగి, లేచి, మోసి, ఊడ్చే మనిషి ఎవరో అందరికీ తెలుసు. చీపురు కింద చచ్చిన చీమకు ప్రాయశ్చిత్తం చెప్పిన శాస్త్రం, ఆ చీపురు పట్టిన చేతికి కలిగే అరుగుదల గురించి అదే చోట ఏమీ చెప్పలేదు. ఇల్లాలిని కొన్నేళ్లలో లోపల్లోపల తినేసే తీరని అలసటను ఈనాడు వైద్యులు ఒక జబ్బులక్షణంగా, బంధువులు ఆమె స్వభావలోపంగా, కొందరు ప్రవచనకారులు ఓర్పు తక్కువై వచ్చిన ధర్మలోపంగా చూస్తున్నారు. కుటుంబం ఆమెకు పడిన ఋణంగా, గృహస్థధర్మం తన లెక్కలో రాసుకోని ఆరో సూనగా దాన్ని చూడడమే సరైనది. ఈ వాదానికి కావలసిన ఆధారాలు సంప్రదాయంలోనే దండిగా ఉన్నాయి.

కదిరి ప్రాంతం ఈ ప్రశ్నను పరీక్షించడానికి తగిన చోటు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరేవరకు ఈ పట్టణం అనంతపురం జిల్లాలో భాగం. దేశంలో అతితక్కువ వాన కురిసే ప్రాంతాల్లో ఆ జిల్లా ఒకటి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం, అదీ అదును దాటి కురిసేదే ఎక్కువ. దశాబ్దాలపాటు ఇక్కడి సేద్యమంతా వేరుశనగ మీదనే ఆధారపడింది. విత్తనం కాయలు ఒలిచే పని ఆడవాళ్లది, కలుపు వాళ్లది, చెట్టు నుంచి కాయ తెంపే పని వాళ్లది. చేనునుంచి వచ్చాక సంగటి కెలికే పనీ, పశువులకు కుడితి పెట్టే పనీ, అత్తమామలకు మందు ఇచ్చే పనీ మళ్లీ వాళ్లదే. పంట పోయిన ఏడు మగవాళ్లు బెంగళూరుకు కూలికి వెళ్తే, ఇద్దరి పనీ ఒక్కరి మీద పడుతుంది. పొదుపు సంఘంలో తీసిన అప్పు ఆమె పేరున ఉంటుంది. ఆ సొమ్ము సేద్యానికో బోరుకో పోయినా, నెలనెలా కంతు కట్టవలసిన ఆందోళన మాత్రం ఆమెదే. ఈ స్త్రీని ‘ఇంట్లోనే ఉంటుంది’ అనే రెండు మాటల్లో పరిచయం చేయడం ఇక్కడి అలవాటు. తనకు ‘యాష్టకొచ్చింది’ అని ఆమె ఎప్పుడైనా అంటే, వినేవాళ్లు దాన్ని ఆ పూట విసుగుగానే తీసుకుంటారు.

విసుగు వేరు, తీరని అలసట వేరు. నిద్రతోనో పుట్టింటి ప్రయాణంతోనో పోయేది మామూలు అలసట. ఎంత పడుకున్నా పోనిదాన్ని మనస్తత్వశాస్త్రం బర్న్‌అవుట్ అంటుంది. న్యూయార్క్‌లోని ఒక ఉచిత వైద్యశాలలో ఎంతో ఉత్సాహంతో సేవ చేయడానికి వచ్చిన కార్యకర్తలే క్రమంగా నీరసించి, చిరాకుపడుతూ, చివరికి ఎవరి బాధా పట్టనివాళ్లుగా మారడం గమనించి హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో ఈ స్థితిని వర్ణించాడు. క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో దీన్ని కొలిచే ప్రశ్నావళి రూపొందించి, ఇందులో మూడు పొరలు ఉన్నాయని చూపారు. మొదటిది భావశక్తి అడుగంటడం. రెండోది ఎవరికోసం పనిచేస్తున్నారో వాళ్లనే మనుషులుగా కాక బరువులుగా చూడడం. మూడోది, చేసిన పనిలో విలువేమీ లేదని, తాను దేనికీ పనికిరానని నమ్మడం. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లు అలికి అలికి తన పేరునే మరచిపోతుంది. ఆ మూడో పొరను తెలుగు పాఠకులకు ఏ శాస్త్రగ్రంథం కన్నా స్పష్టంగా చూపిన రచన అది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్న్‌అవుట్‌కు చోటు ఇస్తూ, ఇది ఉద్యోగ జీవితానికి సంబంధించిన స్థితి మాత్రమేననీ, జీవితంలోని ఇతర రంగాలకు దీన్ని వర్తింపజేయకూడదనీ నిర్దేశించింది. ఈ నిర్వచనం ప్రకారం ఆసుపత్రిలో రోగికి పక్కబట్టలు మార్చే ఆయా అలసిపోవచ్చు; ఇంట్లో మంచాన పడ్డ మామకు పదేళ్లుగా అదే పని చేసే కోడలికి ఆ పేరు దక్కదు. రాయచోటి, కడప ప్రాంతాలనుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే స్త్రీల బతుకులో ఈ గీత ఎంత కృత్రిమమో కనబడుతుంది. విమానం ఎక్కగానే వంట, ఊడ్పు, పిల్లల పెంపకం వృత్తి అవుతాయి, తిరిగివచ్చి సొంత వంటింట్లో అడుగుపెట్టగానే అవే పనులు పనికాకుండా పోతాయి. మన దేశపు జనాభా లెక్కలు కూడా ఈ దృష్టినే అనుసరించాయి. 2001 జనగణనలో గృహిణులను బిచ్చగాళ్లు, ఖైదీల సరసన పనిచేయనివారి వర్గంలో చేర్చడాన్ని సుప్రీంకోర్టు 2010లో ఒక ప్రమాద పరిహారం కేసులో తీవ్రంగా తప్పుబట్టింది. 2021 జనవరిలో అలాంటి మరో కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ, గృహిణి శ్రమకు ఆదాయం లెక్కగట్టడం ఆమె గౌరవాన్ని గుర్తించడమేనని విడిగా రాసిన తీర్పులో వివరించారు. రెండూ గొప్ప తీర్పులే. అయితే రెండు సందర్భాల్లోనూ ఆ స్త్రీ శ్రమకు విలువ కట్టింది ఆమె రోడ్డు ప్రమాదంలో చనిపోయిన తరువాత.

జస్టిస్ రమణ ఆధారం చేసుకున్న 2019 జాతీయ కాలవినియోగ సర్వేలో, రోజంతా ఎవరు ఏ పనికి ఎంత సమయం వెచ్చించారో నమోదు చేశారు. జీతంలేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి కేటాయించారు. పైగా ఆ పనిలో చేయిపెట్టిన స్త్రీలు నూటికి 81 మంది కాగా పురుషులు 26 మందే. నిమిషాల్లో కొలవలేని బరువు దీనికి అదనం. రేపు పాలు ఉన్నాయా, చిన్నవాడి దగ్గు తగ్గిందా, ఆడబిడ్డ ఇంటి పెళ్లికి ఏం పెట్టాలి, కంతు రోజు ఎప్పుడు అన్న ఎడతెగని యోచనకు గడియారం ఉండదు, సెలవూ ఉండదు. పండుగ వస్తే బరువు రెట్టింపవుతుంది. వరలక్ష్మీ వ్రతం నాడు ఉపవాసం ఉన్న మనిషే అందరికీ పిండివంటలు చేస్తుంది. రంజాన్ నెలలో కదిరి ముస్లిం ఇళ్లలో సహరీ వండడానికి అందరికన్నా ముందు లేచేదీ, ఇఫ్తార్‌కు అందరికన్నా చివర కూర్చునేదీ తల్లే.

పనిముట్లు మారితే ఈ సమస్య తీరుతుందని ఒకప్పుడు అందరూ నమ్మారు. పంచసూనల్లో నాలుగింటి రూపం గత పాతికముప్ఫై ఏళ్లలో ఇక్కడ కూడా మారింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన దీపం పథకంతో పల్లె వంటిళ్లలోకి గ్యాస్ రావడం మొదలైంది; తిరగలి, రోలు మూలకు చేరి మిక్సీ, పిండిమర వచ్చాయి. నీళ్లకుండ సంగతి మరింత ముఖ్యం. పుట్టపర్తి సత్యసాయిబాబా ట్రస్టు 1990ల మధ్యలో చేపట్టిన తాగునీటి పథకం అనంతపురం జిల్లాలోని వందలాది గ్రామాలకు నీళ్లు చేర్చింది. ఒక ధార్మిక సంస్థ స్త్రీల ఓర్పును కీర్తించడంతో ఆగక వాళ్ల నడుము మీది బిందెను దింపిన సందర్భంగా దాన్ని గుర్తుంచుకోవాలి. ధర్మం అంటే ఏం చేయాలో ఆ పైపులైన్లు అనేక ఉపన్యాసాలకన్నా బాగా చెప్పాయి. అయినా గంటలు ఆశించినంత తగ్గలేదు. అమెరికా ఇళ్ల చరిత్రను పరిశీలించిన రూత్ స్వార్ట్జ్ కోవన్ 1983లో ఇదే విషయం రాసింది: యంత్రాలు వచ్చాక మగవాళ్లూ పిల్లలూ పనివాళ్లూ చేసే ఇంటిపనులు పోయాయి, తల్లి పని మాత్రం కొత్త రూపాల్లో పెరిగింది. కట్టెలు కొట్టే మగవాడికి గ్యాస్ సెలవిచ్చింది; వండే స్త్రీకి ఇవ్వలేదు. బరువు ఉన్నది పనిముట్టులో కాదు, బాధ్యత ఒక్కరిదే అన్న ఏర్పాటులో.

ఈ అలసట కుటుంబాన్ని ఎలా తాకుతుందో తెలుసుకోవడానికి కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఎప్‌స్టైన్, బిషప్, లెవిన్ 1978లో ప్రకటించిన నమూనా ఉపకరిస్తుంది. కుటుంబం సరిగా నడవడమంటే సమస్యలను కలిసి పరిష్కరించుకోవడం, మాట్లాడుకోవడం, పనులు పంచుకోవడం, సందర్భానికి తగినట్టు స్పందించడం, ఒకరి విషయంలో ఒకరు ఆసక్తి చూపడం, ప్రవర్తనకు హద్దులు పెట్టుకోవడం అని ఆ నమూనా ఆరు అంగాలుగా విభజించింది. వీటిలో పనుల పంపకం అన్నది చెడితే మిగిలిన ఐదూ మెల్లగా దాని వెంట చెడతాయి. ఎందుకంటే చాలా ఇళ్లలో మాటలు కలిపేదీ, పిల్లల ముఖం చూసి మనసు గ్రహించేదీ, తండ్రీకొడుకుల మధ్య కోపం చల్లార్చేదీ ఆ అలసిన మనిషే. ఆమెలో భావశక్తి అడుగంటినప్పుడు వంట ఆగదు, ఊడ్పు ఆగదు, ఆగేది పలకరింపు. ఇంట్లోవాళ్లకు అన్నం వేళకు అందుతూనే ఉంటుంది కనుక ఏదో తక్కువైందని గ్రహించడానికి ఏళ్లు పడుతుంది. బెల్జియం పరిశోధకులు ఇజబెల్ రోస్కమ్, మొయిరా మికొలాయ్‌చాక్ తల్లిదండ్రుల బర్న్‌అవుట్‌పై చేసిన అధ్యయనాలు మరో కఠినమైన విషయం వెల్లడించాయి. ఆ స్థితికి చేరిన తల్లిదండ్రుల్లో పిల్లలను పట్టించుకోకపోవడం, వాళ్లమీద చేయిచేసుకోవడం, ఇల్లు విడిచి ఎక్కడికైనా వెళ్లిపోవాలన్న ఆలోచన పెరుగుతాయి. అంతకుముందు ఎంతో ప్రేమగా ఉన్నవాళ్లే ఇలా మారతారు.

ఈ మార్పు తొలుత బయటపడేది కోపంగానే. ఇల్లాలి కోపాన్ని ఇంటివాళ్లు గుణదోషంగా లెక్కిస్తారు. కదిరి పట్టణం ఏ దేవుడి చుట్టూ పెరిగిందో ఆ దేవుడి కథ ఈ విషయంలో మంచి దారి చూపిస్తుంది. భాగవతం ఏడో స్కంధం ప్రకారం హిరణ్యకశిపుడు చనిపోయిన తరువాత కూడా నరసింహుడి ఉగ్రం తగ్గలేదు. దేవతలు దూరం నుంచి స్తుతించారు, లక్ష్మి సైతం దగ్గరకు పోవడానికి జంకింది, చివరికి బాలుడైన ప్రహ్లాదుడు నిర్భయంగా సమీపించి పాదాలపై పడితే ఆయన శాంతించాడు. కదిరి ఆలయంలో స్వామి పక్కన ప్రహ్లాదుడు ఉన్నది అందుకే. దేవుడి కోపానికి వెనుక కారణం ఉందని నమ్మి, దగ్గరకు వెళ్లడమే దానికి మందు అని తెలిసిన భక్తులు, ఇంటికి వెళ్లాక ఇల్లాలి కోపానికి కారణం అడగకపోవడం విచారించవలసిన సంగతి.

అక్కడితో ఆగని సందర్భాలూ ఉన్నాయి. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 45,026 మంది స్త్రీలలో 23,178 మంది గృహిణులు. అదే ఏడాది సేద్యంమీద బతికేవాళ్లు, అంటే రైతులూ వ్యవసాయ కూలీలూ కలిసి 10,881 మంది. రైతు ఆత్మహత్యలకు అనంతపురం పేరు దేశమంతా తెలుసు. వాటిపై కమిటీలు వచ్చాయి, పరిహారాలు వచ్చాయి, నవలలూ కవితలూ వచ్చాయి. దానికి రెట్టింపుకు మించిన గృహిణుల సంఖ్య మీద అలాంటి కదలిక ఏదీ రాలేదు. ప్రతి మరణానికీ ఇంటిచాకిరీయే కారణమని ఎవరూ అనలేరు. హింస, కట్నం, అప్పు, అనారోగ్యం అన్నీ అందులో ఉంటాయి. కానీ ఏడ్చి చెప్పుకునే వ్యవధి కూడా లేని బతుకులో ప్రతి కష్టమూ మరింత లోతుగా దిగుతుంది. ఆ అంచున ఉన్నవాళ్లు పగలైనా రాత్రైనా ఉచితంగా మాట్లాడడానికి ప్రభుత్వ టెలిమానస్ సహాయ సంఖ్య 14416 పనిచేస్తోంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ధార్మిక ప్రశ్నకు మళ్లీ వస్తే, కదిరికి పాతిక కిలోమీటర్ల దూరంలో గూటిబైలు దగ్గర ఐదెకరాలకు పైగా విస్తరించిన తిమ్మమ్మ మర్రిమాను ఉంది. 1989లో ఇది గిన్నిస్ రికార్డుల పుస్తకానికి ఎక్కింది. జబ్బుపడిన భర్తకు సేవచేసిన తిమ్మమ్మ అతడు మరణించగా 1434లో సహగమనం చేసిందనీ, ఆ చితికి నాటిన గుంజ చిగిర్చి మానైందనీ స్థానిక కథనం. సంతానం లేని దంపతులు ఇక్కడికి వచ్చి మొక్కుకుంటారు. తిమ్మమ్మపై ఈ నేల చూపే గౌరవం నిజమైనది, దాన్ని తక్కువచేయనక్కర్లేదు. అయితే ఆ కథనుంచి తరతరాలుగా తీసిన నీతి ప్రమాదకరమైనది: తనను తాను పూర్తిగా ఆహుతి చేసుకున్న స్త్రీయే పూజ్యురాలన్నది ఆ నీతి. సహగమనాన్ని కీర్తించడం కూడా 1987 చట్టం ప్రకారం నేరం. చితి చల్లారింది గానీ, భార్య మంచితనాన్ని ఆమె ఎంత కాలిపోయిందన్న దాన్నిబట్టి కొలిచే అలవాటు పోలేదు. ఆ మాను ఇన్ని వందల ఏళ్లు నిలిచిన విధానం మరో పాఠం చెబుతుంది. మర్రికొమ్మ ఎంత దూరం సాగితే అక్కడ ఊడ దిగి నేలలో పాతుకుని కొత్త మొదలవుతుంది. అంతటి విస్తీర్ణాన్ని ఒక్క మొదలు మోయడం అసాధ్యం, వెయ్యికి పైగా ఊడలు మోస్తున్నాయి. కుటుంబం విస్తరించేకొద్దీ మోసేవాళ్లు పెరగకపోతే ఏమవుతుందో ఆ మాను నీడన కూర్చున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇల్లాలి ఆత్మదహనాన్ని తపస్సుగా భావించేవారికి భగవద్గీత పదిహేడో అధ్యాయమే అడ్డు నిలుస్తుంది. శాస్త్రం విధించని ఘోరతపస్సుతో శరీరాన్ని కృశింపజేసేవాళ్లు లోపల ఉన్న తననే హింసిస్తున్నారని కృష్ణుడు అక్కడ హెచ్చరిస్తాడు. మూఢపట్టుదలతో తనను తాను పీడించుకునే తపస్సును తామసమని, అంటే మూడు గుణాల్లో అడుగుదని, వర్గీకరిస్తాడు. ఆరో అధ్యాయంలో యోగం కుదరాలంటే తిండి, నిద్ర, విహారం, పని అన్నీ మితంగా ఉండాలంటాడు. నాలుగు గంటల నిద్రతో ఇరవై ఏళ్లు గడిపిన స్త్రీకి ఆ మితాన్ని నిరాకరించి, ఆమెను యోగిని అని పొగడడం గీతకు విరుద్ధం. ‘ఫలం ఆశించకుండా పనిచేయి’ అన్న బోధను ఇళ్లలో తరచు ఆడవాళ్లకే గుర్తుచేయడంలోనూ ఒక అన్యాయం ఉంది. నిష్కామకర్మ, అంటే ఫలితంపై కోరిక లేకుండా చేసే పని, ఎవరికి వారు తమ అంతరంగంలో చేసుకోవలసిన సాధన. అర్జునుడి పనిగురించి కృష్ణుడు అర్జునుడికే చెప్పాడు. ఫలాపేక్ష వదులుకొమ్మని చెప్పే అధికారం ఆ ఫలం తింటున్నవాడికి లేదు.

సంప్రదాయంలోని ఆదర్శ గృహిణుల కథలను కూడా మరింత జాగ్రత్తగా చదవాలి. అరణ్యపర్వంలో సత్యభామ అడిగితే ద్రౌపది తన దినచర్యను వివరించే ఘట్టం తెలుగువారికి ఎర్రన రచనగా పరిచితమే. అందరికన్నా ముందు లేవడం, చివర పడుకోవడం అన్న భాగాన్నే పెద్దలు ఆడపిల్లలకు చెబుతూ వచ్చారు. వ్యాసభారతంలో అదే సంభాషణలో ఆమె మరో విషయం కూడా చెబుతుంది: పాండవుల కోశాగారం సంగతి, రాబడీ ఖర్చుల లెక్క తనకొక్కతెకే తెలుసని, వేలమంది పరివారం పేర్లూ పనులూ తన అదుపులో ఉండేవని. ద్రౌపది చేసింది బరువైన పనే, అయితే దాంతోపాటు అధికారమూ ఉంది. రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం మనిషిని ఎక్కువగా కుంగదీసేది పని ఎక్కువై, దాని మీద నిర్ణయాధికారం తక్కువైన స్థితి. కోశాగారాన్ని తీసేసి దినచర్యను మాత్రం ఉంచితే ద్రౌపది ఆదర్శం కాస్తా బర్న్‌అవుట్‌కు దారి అవుతుంది. శతాబ్దాలుగా జరిగింది అదే.

బృహదారణ్యకోపనిషత్తులో ఇంకొక స్త్రీ ఉంది. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్తూ ఆస్తిని ఇద్దరు భార్యలకూ పంచాలనుకున్నప్పుడు మైత్రేయి అమృతత్వం గురించి అడిగిన ప్రశ్న భారతీయ తత్త్వచింతనలో శాశ్వతమైంది. రెండో భార్య కాత్యాయని సాధారణ స్త్రీలకు ఉండే తెలివి మాత్రమే కలదని ఉపనిషత్తు ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంది. ఆమె ఒక్క మాట కూడా గ్రంథంలో లేదు. ఆత్మ గురించి ఆమెకు ప్రశ్నలు లేవో, అడిగే తీరిక లేదో ఎవరూ విచారించలేదు. తీరిక జ్ఞానానికి ముందు షరతు అని ఒప్పుకుంటే, ఇల్లాలి అలసట ఆరోగ్యంతో ముగిసే విషయం కాదని, మోక్షాధికారానికి సంబంధించిన విషయమని కూడా ఒప్పుకోవలసి ఉంటుంది. సాధనచతుష్టయం, అంటే వేదాంత విద్యకు ముందు కావలసిన వివేకం, వైరాగ్యం, శమదమాది గుణాలు, ముముక్షుత్వం అనే నాలుగు అర్హతలు, పదిమంది ఆకలి తీర్చి ఒళ్లు తెలియకుండా నిద్రపోయే మనిషికి ఎప్పుడు అలవడాలి?

కదిరిలో పక్కపక్కనే బతికే మరో ధర్మం ఈ అలసటను తన ప్రామాణిక వాఙ్మయంలోనే నమోదు చేసుకుంది. తిరగలి విసిరి విసిరి చేతులు నొప్పెట్టిన ఫాతిమా, ఒక పనిమనిషిని ఇవ్వమని తండ్రి మహమ్మద్ ప్రవక్తను అడగడానికి వెళ్లిందని హదీసులు, అంటే ప్రవక్త మాటలనూ చేతలనూ తెలిపే సంప్రదాయాలు, చెబుతాయి. ప్రవక్త ఆమెకు పనిమనిషికి బదులు నిద్రకు ముందు జపించవలసిన స్మరణను నేర్పాడు. ఈ కథను చాలామంది ‘చూశారా, ఓర్చుకొమ్మన్నాడు’ అని ముగిస్తారు. కానీ అదే వాఙ్మయంలో, ఇంట్లో ప్రవక్త ఏం చేసేవాడని అడిగితే ఆయన ఇంటివాళ్ల పనుల్లో సాయంగా ఉండేవాడని ఆయిషా జవాబిచ్చింది. షాఫయీ, హంబలీ సంప్రదాయాల ధర్మశాస్త్రవేత్తల్లో అధికులు వంటా ఊడ్పూ భార్యపై చట్టబద్ధమైన విధి కాదనీ, ఆమె చేస్తే అది ఆమె ఔదార్యమనీ నిర్ణయించారు. ఔదార్యమని ఒప్పుకున్నచోట కృతజ్ఞత విధి అవుతుంది. పంచసూనల్లోని తిరగలీ, ఫాతిమా తిరగలీ ఒకటే. దాని దగ్గర అరిగిపోయిన చేతిని ఒక ధర్మం గమనించి రాసిపెట్టింది, మరో ధర్మం ఇప్పుడైనా రాసుకోవచ్చు.

కుటుంబంలో లెక్కలు మొదలైతే ప్రేమ పోతుందన్నది ఇక్కడ ఎదురయ్యే ప్రధాన అభ్యంతరం. ఇది నిజాయితీగల భయమే. అయితే లెక్కకు జీతం ఒక్కటే రూపం కాదు. మనిషి దేవతలకు, ఋషులకు, పితరులకు మూడు ఋణాలతో పుడతాడని వైదిక సంప్రదాయం చెప్పినప్పుడు ఎవరూ దాన్ని వ్యాపారమనుకోలేదు. తండ్రికి తర్పణం విడిచే కొడుకును ప్రేమలేనివాడని ఎవరూ అనరు. ఋణాన్ని గుర్తించడమే అక్కడ ప్రేమకు రూపం. ఇల్లాలి విషయంలో మాత్రం ఋణం అనగానే ప్రేమకు భంగమని వాదించడం, తీర్చడం ఇష్టంలేని అప్పును మాట్లాడకుండా దాచడం లాంటిదే. మనుస్మృతిలో అతిథులకన్నా ముందు ఎవరికి అన్నం పెట్టాలో చెప్పే చోట కొత్తకోడళ్లు, ఆడపిల్లలు, రోగులు, గర్భిణులు వరుసగా కనబడతారు; అందరూ తిన్నాక మిగిలింది భార్యాభర్తలిద్దరూ తినాలని ఆ వెంటనే ఉంది. భర్త ముందు తిని భార్య అడుగున మిగిలింది తినడం ఆ చోట లేదు. బలహీనులను ముందు చూడడం, మిగిలినదాన్ని ఇద్దరూ సమంగా పంచుకోవడం అన్న రెండు సూత్రాలూ గృహస్థధర్మంలో ఉన్నవే; ఆచారం వాటిని వదిలేసింది.

ఉమ్మడి కుటుంబాల్లో ఈ సమస్య లేదన్నది మరో వాదం. దీనిలో కొంత నిజం ఉంది. 42 దేశాల్లో జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో తల్లిదండ్రుల బర్న్‌అవుట్ వ్యక్తిప్రధానమైన పాశ్చాత్య సమాజాల్లో ఎక్కువగా కనిపించింది. బిడ్డను ఎత్తుకునే చేతులు పది ఉన్నచోట తల్లి భారం తగ్గడం సహజమే. కానీ కరువు వల్ల వలస వెళ్లిన ఊళ్లలో ఆ చేతులు మిగలలేదు. మిగిలింది ఉమ్మడి కుటుంబపు బాధ్యతలు; పోయింది ఉమ్మడి కుటుంబపు సాయం. పైగా ఆ పది చేతుల్లో మగచేతులు ఎన్నడూ లేవన్నదీ మరువరాదు. తోడికోడలు, ఆడబిడ్డ, అత్త ఒకరి బరువును ఒకరు పంచుకున్నారు. పంపకం అంతా వంటింట్లోపలే జరిగింది.

కదిరికి దగ్గరలోని గాండ్లపెంట మండలం కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. ఆడవాళ్లపై ఆయన పేరున చెల్లే పద్యాల్లో కఠినమైనవి ఉన్నాయి, వాటిని సమర్థించడం కుదరదు. కానీ మనసులో మార్పు రాని పూజ వ్యర్థమని ఆయన నిలబెట్టిన ప్రమాణం ఈ ప్రశ్నకూ వర్తిస్తుంది. నవరాత్రుల్లో అమ్మవారికి తొమ్మిది అలంకారాలు చేసి, ఇంట్లో మనిషి జ్వరంతో వండుతుంటే కుర్చీలోంచి లేవనివాడి పూజ ఏ లెక్కలోకి వస్తుందో వేమన పాఠకులు చెప్పగలరు.

కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో జరుగుతాయి; లక్షలాది జనం మధ్య రథం కదిలే ఆ రోజుల్లో మండపాల్లో పురాణం చెప్పే పండితులూ, శుక్రవారం మసీదుల్లో ఖుత్బా ఇచ్చే ఇమాములూ ఈ మాటను ఆడవాళ్లకు కాక మగవాళ్లకు చెప్పాలి. ఐదు సూనల్లో రోజుకు ఒకటైనా భర్తా కొడుకులూ తమ చేతికి తీసుకోవాలనీ, అప్పూ ఖర్చూ నిర్ణయించే చోట ఇల్లాలికి సగం అధికారం ఉండాలనీ, వారానికి ఒక పూట ఆమెకు పనిలేని విశ్రాంతి ఇవ్వడం ధర్మమేననీ, అందరితోపాటు ఒకే వరసలో ఆమె విస్తరి పడాలనీ వాళ్లు ధర్మాసనం మీద కూర్చుని చెబితే, ఇళ్లలో మగవాళ్లు వినే అవకాశం ఎక్కువ. ఈ ఏడు ఉత్సవాల్లోనైనా ఆ ప్రవచనం మొదలుపెట్టవలసిందిగా పండితులనూ ఇమాములనూ కోరడం సబబు.